తాత్కాలికానికి ఎన్నేళ్ళు?

ఈ మధ్య ఒక పెళ్ళిలో భోజనాల బంతి మీద నా పక్కన కూర్చున్న మిత్రుడొకడు, మాటల మధ్యలో అండమాన్ ప్రస్తావన తెచ్చాడు. మా మేనమామ అక్కడ స్థిరపడ్డ సంగతి అతనికి తెలుసు. "అక్కడ ఒక్క యూనిట్టు కరెంటు తయారు చెయ్యడానికి ఇరవై రూపాయల పైమాటేనటగా. మీ మావయ్య అందులో నాలుగో వంతు కూడా కట్టడు. మిగిలింది నువ్వూ నేనూ కడుతున్నాం. చవగ్గా కరెంటు కావాలనుకునేవాడికి సముద్రం మధ్యలో కాపురమెందుకయ్యా?" అన్నాడు. బంతిలో నలుగురూ నవ్వారు. మొహమాటం కొద్దీ నేనూ నవ్వాను. విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంటున్నప్పుడు ఆ నవ్వు నాకే రోతగా తోచింది. ఆనాడు ఇవ్వవలసిన సమాధానం ఇవ్వలేకపోయాను గనుక ఇక్కడ వ్రాస్తున్నాను. కొంచెం ఆలస్యమైంది, కొంచెం పొడుగూ అవుతుంది. ఓపిక పట్టండి.

ముందుగా ఆ ఊరి సంగతి. మనం చిన్నప్పటినుంచీ పోర్ట్ బ్లెయిర్ అని చదువుకున్న నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊళ్ళో లక్ష మంది ఉన్నారు. ద్వీపాలన్నిటిలో కలిపి 3,80,581 మంది. వారిలో ఎనిమిదో వంతు తెలుగువారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలనుంచి వలస వెళ్ళి, చేపలు పట్టి, రోడ్లు వేసి, కొట్లు పెట్టుకుని అక్కడే పిల్లలను కన్నవారు. విశాఖలో ఓడ ఎక్కితే సుమారు రెండున్నర రోజుల ప్రయాణం. కాబట్టి ఇది ఎక్కడో పరాయి దేశపు ముచ్చట కాదు, మన పక్కింటి గోడకవతలి ముచ్చట.

ఆ నగరానికి దేశపు విద్యుత్ గ్రిడ్డుతో సంబంధం లేదు. మన ఊళ్ళో ఒక కేంద్రం ఆగిపోతే ఛత్తీస్‌గఢ్ నుంచో తమిళనాడు నుంచో తీగల మీద కరెంటు వస్తుంది. అక్కడ అలా వచ్చే దారే లేదు. ఆ ఊరికి కావలసినది ఆ దీవిలోనే పుట్టాలి. పుట్టించేది ప్రధానంగా డీజిలు ఇంజన్లు. అంటే మన పెళ్ళి పందిరి వెనక డబడబ కొట్టుకునే జనరేటరుకు పెద్దన్నలు. ఒక నగరమంతా, ఆసుపత్రితో సహా, నౌకాశ్రయంతో సహా, నీళ్ళ పంపులతో సహా, పగలూ రాత్రీ వాటి మీద నడుస్తుంది.

నేను మొదటిసారి అక్కడికి 1996లో వెళ్ళాను. మావయ్యావాళ్ళ ఇల్లు పవర్ హౌస్‌కి కూతవేటు దూరం. మొదటి రెండు రాత్రులూ ఆ హోరుకి నాకు నిద్ర పట్టలేదు. మూడోనాటికి అలవాటు పడ్డాను. నాలుగో రాత్రి ఏ రెండింటికో ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. ఏ చప్పుడూ అయినట్టు నాకు తోచలేదు. "ఏటైంది మావయ్యా?" అంటే, "ఏటీ నేదురా, ఇంజను ఆగింది" అన్నాడు. మన ఇళ్ళలో చప్పుడైతే మెలకువ వస్తుంది. అక్కడ చప్పుడు ఆగితే వస్తుంది. నిశ్శబ్దమంటే అక్కడివారికి ప్రశాంతి కాదు, ఏదో చెడిందన్న వార్త.

ఇక నా మిత్రుడు చెప్పిన ఇరవై రూపాయల లెక్క. అందులో అబద్ధమేమీ లేదు. మీరే వేసి చూడండి. మంచి స్థితిలో ఉన్న డీజిలు ఇంజను ఒక లీటరుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. లీటరు ఎనభై రూపాయలనుకుంటే, ఒక్క ఇంధనానికే యూనిట్టుకి ఇరవై. యంత్రం వెల, మరమ్మతు, జీతాలు, తీగల్లో పోయే నష్టం ఆ పైన. నగరపు సగటు అవసరం 25 మెగావాట్లనుకుందాం. అంతా డీజిలుతోనే తీర్చాలంటే గంటకి 6,250 లీటర్లు. రోజుకి లక్షా యాభై వేల లీటర్లు. పన్నెండు వేల లీటర్ల ట్యాంకరు లారీలు రోజూ పన్నెండు, పదమూడు ఖాళీ కావాలి. వెల రోజుకి కోటీ ఇరవై లక్షలు. ఏడాదికి నాలుగువందల కోట్ల పైచిలుకు. లీటరు డీజిలు కాలితే రమారమి 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది గనుక, రోజుకి నాలుగువందల టన్నులు. ఆ డీజిలు కూడా ఓడలో రావలసిందే. తుఫాను పట్టి ఓడలు ఆగితే, ట్యాంకుల్లో ఎన్నాళ్ళకి సరిపడా నిలవ ఉందో అన్నాళ్ళే ఆ ఊరికి వెలుగు.

ఇంతవరకూ నాకూ నా మిత్రుడికీ పేచీ లేదు. పేచీ ఈ లెక్క చూసి అతను చేసిన తీర్పుతో. అతని దృష్టిలో తప్పు ద్వీపవాసిది. చవక కరెంటు కాలుస్తున్నందుకు అతను సిగ్గుపడాలి. నేనడిగేదొక్కటే. విశాఖలో నీ ఇంటికి వచ్చే కరెంటు అసలు ధరకే వస్తోందా? పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రం కట్టింది ప్రభుత్వరంగ సంస్థ. దానికి ఒడిశా గనులనుంచి బొగ్గు మోసుకొచ్చే రైలుమార్గం ప్రజల సొమ్ము. దేశమంతటినీ ముడివేసిన హైటెన్షన్ తీగలు ప్రజల సొమ్ము. మనం ఎన్నడూ వాటిని సబ్సిడీ అనలేదు, "అభివృద్ధి" అన్నాం. తీగ వెయ్యలేని చోట అదే ప్రజల సొమ్ము డీజిలు రూపంలో ఖర్చయితే దానికి "సబ్సిడీ" అని పేరు పెట్టి నవ్వుకుంటున్నాం. ఏజెన్సీ గూడేనికైనా, సముద్రంలో దీవికైనా, పట్నంతో పోల్చదగిన ధరకే దీపం వెలగాలన్నది ఈ దేశం ఒప్పుకున్న నీతి. ఆ నీతిని నేను గట్టిగా సమర్థిస్తాను.

అన్నట్టు, మనకూ ఆ రుచి కొంత తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి ఊరంతా చీకటి. అద్దె జనరేటరు ముందు సెల్‌ఫోన్లు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. నా మిత్రుడూ నిలబడ్డాడు. ఆనాడు డీజిలు ఖరీదెంతని ఎవరం అడగలేదు. ఎప్పటికి తీగలు నిలబెడతారని మాత్రమే అడిగాం. మనకి అది వారం రోజుల కష్టం. వారికి అదే సంసారం.

కాబట్టి నా ఫిర్యాదు ద్వీపవాసి మీద కాదు, సబ్సిడీ మీద కూడా కాదు. ఆ సబ్సిడీని ఏటేటా పొగగొట్టంలోంచి పైకి వదిలేసి, మళ్ళీ ఏడాది అంతే సొమ్ము కేటాయించుకుని, దీనికి "ప్రస్తుతానికి ఇంతే" అని పేరు పెట్టడం మీద. ఈ కథలో అసలు విలన్ డీజిలు ఇంజను కాదు. "తాత్కాలికం" అనే మాట.

ఆ మాట ఎలా పనిచేస్తుందో చూడండి. 2003లో నగరానికి ఎదురుగా, నౌకాశ్రయానికి ఆవలి ఒడ్డున బంబూఫ్లాట్‌లో 20 మెగావాట్ల ప్రైవేటు డీజిలు కేంద్రం పని మొదలుపెట్టింది. ఒప్పందం 15 ఏళ్ళు. నగరం పెరిగింది. చాలనప్పుడల్లా అద్దె జనరేటర్లు తెచ్చారు. అద్దె అంటే అర్థమేమిటి? కొంతకాలానికని. కానీ ఒక అద్దె గడువు ముగిసేసరికి ఇంకొక టెండరు సిద్ధమవుతుంది. పెద్ద కేంద్రం ఎలాగూ వస్తుంది గనుక ఇప్పుడు ఏదీ శాశ్వతంగా కట్టనక్కరలేదంటారు. పెద్ద కేంద్రం రాలేదు గనుక అద్దె పొడిగించాలంటారు. ఈ రెండు వాక్యాలూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని గానుగెద్దులా తిరుగుతుంటాయి. ద్రవీకృత సహజవాయువుతో 50 మెగావాట్ల కేంద్రం కడతామన్న ప్రతిపాదన ఎన్నో ఏళ్ళు ఆ గానుగకి కొత్త కాడిగా పనికివచ్చింది.

ఎందుకిలా? ఎవరో దుర్మార్గులు కూర్చుని పన్నిన కుట్ర అని నేననను. అంతకంటే చిక్కైన విషయం. ఇందులో ఎవరికీ తక్షణ నష్టం లేదు. ఇంధనపు వెల చివరికి ప్రభుత్వ పద్దులోకే చేరుతుంది గనుక, లీటరు మిగిల్చినవాడికి వచ్చే లాభమూ లేదు, తగలేసినవాడికి పడే శిక్షా లేదు. అద్దెకిచ్చినవాడికి అద్దె వస్తుంది. అధికారికి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, అతని హయాంలో చీకటి పడలేదు, అంతే చాలు. మూడేళ్ళలో బదిలీ అయ్యే మనిషి పదేళ్ళకి ఫలమిచ్చే చెట్టు నాటడానికి ఎందుకు తొందరపడతాడు? వాడకందారుకి బిల్లు తక్కువే. ఇందరికి సౌఖ్యంగా ఉన్న ఏర్పాటు తనంతట తాను ఎన్నడూ మారదు.

అయితే "ఎవరికీ నష్టం లేదు" అన్నాను చూశారా, అది నిజం కాదు. నష్టపోయినవాడు లెక్కలో కనబడడు, అంతే. మా మావయ్య 1980లలో రోజుకూలీగా ఇంజన్ల దగ్గర పనికి చేరాడు. ఎక్కడ అన్నది ఇక్కడ అప్రస్తుతం. నూనె తుడవడం, ఫిల్టర్లు మార్చడం, మీటర్లు చూసి పుస్తకంలో వ్రాయడం. డీజిలు యంత్రశాలలో శబ్దం వంద డెసిబెళ్ళు దాటడం మామూలు విషయం. రోజుకి ఎనిమిది గంటల పనికి తొంభై దాటరాదని మన ఫ్యాక్టరీ నిబంధనలే చెబుతాయి. చెవులకు పెట్టుకునేవి ఇచ్చారా అని అడిగితే నవ్వి, "దూది ఇచ్చేవోరు, అదీ ఇన్స్‌పెక్షనుకి పెద్దోళ్ళొచ్చిన్నాడు" అన్నాడు. యాభై ఏళ్ళు నిండకుండానే అతనికి చెవులు పోయాయి. ఇప్పుడు అత్తయ్య అతని ఎదురుగా నిలబడి పెదవులు కదిపితేనే అర్థం చేసుకుంటాడు. యూనిట్టుకి ఇరవై అని చెప్పిన లెక్కలో ఈ పద్దు ఎక్కడుంది? ఆ ప్రహరీల పక్కన ఆరేసిన బట్టలమీద మసి, ఆ గాలి పీల్చే పసిపిల్లల దగ్గు ఏ పట్టికలో వ్రాశారు? మిత్రమా, మావయ్య తన కరెంటు ధర చెల్లించలేదన్నావు. చెల్లించాడు. నీకంటే నాకంటే ఎక్కువే చెల్లించాడు.

"సరే, ఆవేశం బాగుంది. మరి మార్గమేమిటి? ఎండతో దీపాలు వెలిగిస్తావా?" అని అడుగుతారు. అడగవలసిందే. ఇక్కడే నిజాయితీగా మాట్లాడాలి. ఎందుకంటే సౌరశక్తి పేరు ఎత్తగానే సమస్య తీరిపోయినట్టు మాట్లాడేవారంటే కూడా నాకు విసుగే.

ఇబ్బందులు నిజమైనవే. అక్కడ మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ తడుపుతాయి. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల దరిదాపుల్లో వర్షం. దీవుల భూమిలో నూటికి ఎనభై వంతులకు పైగా అడవి. దాన్ని నరికి అద్దాలు పరచడమంటే ఇల్లు కాల్చి చలి కాచుకోవడమే. భూకంపాల పరంగా అత్యంత ప్రమాదకరమైన మండలం. 2004 డిసెంబరు 26 ఎవరం మరిచిపోలేదు.

ఉన్న ప్రయత్నాలూ చెప్పాలి. ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ మీద 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం 2001లో వచ్చింది. కానీ అది నగరానికి బహుదూరం. నగరం శివార్లలో గారచర్మలో 2013లో 5 మెగావాట్ల సౌరకేంద్రం వచ్చింది. 2020లో మరో 20 మెగావాట్ల సౌరకేంద్రమూ, దానితోపాటు 8 మెగావాట్-గంటల బ్యాటరీ వచ్చాయి. మొత్తం 25 మెగావాట్లు. నగరం అవసరం కూడా అంతే కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కాదు. సూర్యుడు రాత్రి ఉండడు, పగలంతా ఒకేలా ఉండడు. ఏడాది సగటున ఆ 25 మెగావాట్ల అద్దాలు రోజుకి వంద మెగావాట్-గంటలు ఇస్తే గొప్ప. ఊరికి కావలసింది ఆరువందలు. అంటే ఆరో వంతు.

అసలు కిటుకు బ్యాటరీలో ఉంది. అద్దాల మీదకి ఒక మబ్బు వచ్చిందంటే క్షణాల్లో ఉత్పత్తి పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి డీజిలు ఇంజను అప్పటికే తిరుగుతూ సిద్ధంగా ఉండాలి. సగం బరువు మీద ఊరికే తిరిగే ఇంజను యూనిట్టుకి ఎక్కువ నూనె తాగుతుంది. అంటే బ్యాటరీ లేని సౌరశక్తి ఒక చేత్తో డీజిలు మిగిల్చి, ఇంకో చేత్తో కొంత తగలేస్తుంది. ఆ 8 మెగావాట్-గంటలు ఊరి మొత్తానికి ఇరవై నిమిషాలకు కూడా సరిపోవు. మబ్బుల కుదుపు తగ్గించడానికి పనికివస్తాయి గాని రాత్రిని దాటించలేవు.

ఇప్పుడు ఇంకొక దీవి చూద్దాం. హవాయిలో కౌయై. జనాభా డెబ్బై వేల పైచిలుకు, మన నగరంతో పోల్చదగినది. దానికీ బయటి గ్రిడ్డు లేదు. అదీ చమురు కాల్చి బ్రతికిన దీవే, అక్కడా గుండెలదిరే వానలే. ఆ దీవి కరెంటు వ్యవస్థ 2002నుంచి వాడకందార్ల సహకార సంఘం చేతిలో ఉంది. 2010 ప్రాంతంలో వారి కరెంటులో పదింట తొమ్మిది పాళ్ళు చమురుదే. 2019 నాటికి లావాయి అనే చోట ఇంచుమించు అదే 20 మెగావాట్ల తరగతి సౌరకేంద్రం పెట్టారు. కానీ దానికి జతచేసిన బ్యాటరీ 8 కాదు, 100 మెగావాట్-గంటలు. పగటి ఎండని మూటకట్టి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి విప్పుతారు. ఇవాళ ఆ దీవి కరెంటులో సగానికి పైగా చమురు లేనిదే. ఎండ బాగా కాసే మధ్యాహ్నాల్లో డీజిలు పూర్తిగా ఆపి నడిపిన గంటలూ ఉన్నాయి.

మరో ఉదాహరణ స్పెయిన్‌కి చెందిన ఎల్ హియెరో. పదకొండువేల జనాభా. గాలిమరలతో నీటిని కొండమీదికి ఎక్కించి, గాలి లేనప్పుడు ఆ నీటిని కిందికి వదిలే ఏర్పాటు 2014లో చేసుకున్నారు. 2019 వేసవిలో వరుసగా మూడు వారాలకు మించి చుక్క డీజిలు కాల్చకుండా నడిచారు. అయినా వారి డీజిలు ఇంజన్లు అక్కడే ఉన్నాయి, గాలి పడిపోయిన రోజుల్లో ఇప్పటికీ తిరుగుతాయి. నేను చెప్పదలచుకున్నదీ అదే. డీజిలుని తగలబెట్టమనడం లేదు, తీసిపారెయ్యమనడం లేదు. యజమానిగా ఉన్నదాన్ని కాపలాదారుని చెయ్యమంటున్నాను. తుఫాను రాత్రి, ముసురు పట్టిన వారం, ఆసుపత్రిలో ఆపరేషను బల్ల మీద మనిషి ఉన్న వేళ ఆ ఇంజనే దిక్కు. మిగతా రోజుల్లో అది నిద్రపోవాలి.

"డబ్బో?" అంటారు. ఏడాదికి నాలుగువందల కోట్లు ఇప్పటికే పొగ చేస్తున్నాం గదా! లిథియం బ్యాటరీల వెల 2010కీ 2024కీ మధ్య నూటికి తొంభై వంతులకు దరిదాపుగా పడిపోయింది. బొగ్గు చవగ్గా దొరికే చోట సౌరశక్తి, బ్యాటరీ కలిపి లాభమా నష్టమా అని వాదించుకోవచ్చు. యూనిట్టుకి ఇరవై రూపాయలు పోసే చోట ఆ వాదనకే తావు లేదు. దేశంలో అన్నిటికంటే ముందు ఈ మార్పు రావలసిన చోటు ఇదే. ఏ లెక్కని చూపించి నా మిత్రుడు నవ్వాడో, ఆ లెక్కే ఈ మార్పుకి అన్నిటికంటే బలమైన సాక్ష్యం.

"చోటో?" అడవి జోలికి పోనక్కరలేదు. సర్కారీ కప్పులు, బడుల కప్పులు, గిడ్డంగుల కప్పులు ఉన్నాయి. నగరానికి మంచినీరిచ్చే ధనిఖారి జలాశయం ఉంది. నీటిమీద తేలే అద్దాలు మన రామగుండంలో 2022నుంచి వంద మెగావాట్ల మేరకు పనిచేస్తూనే ఉన్నాయి. అక్కడ చిన్న మోతాదులో పరీక్షించి చూడడానికి అడ్డేమిటి?

ఇంకొక సంగతి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి ఆ దీవులకు సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ కేబుల్ వేశారు. అంతకుముందు ఒక చిన్న ఫోటో పంపడానికి మా మావయ్య కొడుకు అర్ధరాత్రి దాకా కాచుకునేవాడు. ఇప్పుడు వీడియోలో మాట్లాడుతున్నాడు. కరెంటు తీగని అలా వెయ్యడం వేరు సంగతి, దాని ఖర్చూ లోతూ వేరు, నాకు తెలుసు. కానీ ఆ కేబుల్ ఒక నిజం తేల్చిచెప్పింది. "దూరం, ఏం చేస్తాం" అన్నది ప్రకృతి నియమం కాదు. ఎవరో ఒకరు ఒక తేదీ నిర్ణయించి పూనుకుంటే చెరిగిపోయే మాట.

అందువల్ల నేను కోరేది తేదీయే. ఒకటి, అద్దె జనరేటర్లలో ఏది ఏ సంవత్సరంలో వెనక్కి పోతుందో ముందే ప్రకటించాలి, పొడిగిస్తే కారణం చెప్పాలి. రెండు, ఏ నెలలో ఎన్ని లీటర్లు కాలిందో, లీటరుకి ఎన్ని యూనిట్లు వచ్చాయో ఊళ్ళో అందరికీ కనబడేలా బోర్డు కట్టాలి. పాల కేంద్రంలో వెన్న శాతం వ్రాసినట్టు. మూడు, ఇకమీద వచ్చే ప్రతి సౌరకేంద్రానికీ రాత్రిని దాటించగల బ్యాటరీ ఉండాలి, పేరుకి ఒకటి కాదు. నాలుగు, ఇంజన్ల దగ్గర పనిచేసిన రోజుకూలీలందరికీ వినికిడి పరీక్ష, పోయిన చెవులకు పరిహారం, కొత్త కేంద్రాల్లో మొదటి ఉద్యోగాలు. ఈ నాలుగోది ఖర్చులో అతి చిన్నది. కాబట్టే ఎవరికీ గుర్తుండదని నా భయం.

2023లో మళ్ళీ వెళ్ళాను. ఒక రాత్రి కరెంటు పోయింది. అందరికంటే ముందు లేచింది మావయ్యే. నాకు ఆశ్చర్యం వేసింది, చెవులు వినబడని మనిషికి ఎలా తెలిసిందని. అతను మంచం పక్క గోడమీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఇంజను తిరుగుతుంటే గోడలో సన్నని అదురు ఉంటుందట. అది ఆగిందట. "వొచ్చేస్తాదిలే, పడుకో" అన్నాడు.

అతనికి దాని మీద కోపం లేదు. ఆ కోపం నాది. బంతిలో నవ్విన నలుగురితో పాటు నేనూ నవ్వాను గనుక, ముందు నా మీదే. ఆ తరువాత, నలభై ఏళ్ళుగా "ప్రస్తుతానికి" అంటూ వచ్చిన మనందరి మీదా.